గేర్‌బాక్సు దానంతటది పోదు

"గేరు బాక్సు పోయింది అల్లుడూ."

ఎనిమిదేళ్ళలో మా మావయ్య నోట ఈ మాట వినడం అది నాలుగోసారి. పోయిందంటే ఎవరో ఎత్తుకుపోయారని కాదు. బోటులో ఇంజనుకీ ప్రొపెల్లరుకీ మధ్య ఉండే ఇనప డబ్బా పని చెయ్యడం మానేసిందని అర్థం. జ్వరమొస్తే డాక్టరు "మనిషి పోయాడు" అని రాసిస్తే ఊరుకుంటామా? మా రేవులో మాత్రం "గేర్‌బాక్సు పోయింది" అంటే అదే రోగం పేరు, అదే కారణం, అదే తీర్పు. ఆ తర్వాత మిగిలేది డబ్బులు ఎక్కడ అప్పు తేవాలన్నదొక్కటే.

ఆ మాట మీద నాకున్న కోపమే ఈ టపా. ఎవరినైనా నొప్పిస్తే ముందే క్షమాపణలు. నొప్పించాలనే రాస్తున్నాను కాబట్టి అవి ఉత్తుత్తి క్షమాపణలని గమనించగలరు :)

ముందు నా సంగతి. మెకానికల్ ఇంజనీరింగు చదివి సాఫ్ట్‌వేర్లో పడ్డ లక్షలాదిమందిలో నేనూ ఒకణ్ణి. ఉండేది హైదరాబాదు, పుట్టింది కాకినాడ. మావయ్యకి ఒక మరబోటులో సగం వాటా ఉంది. చెక్క బోటు, ఆరు సిలిండర్ల ఇంజను, దాని వెనక హైడ్రాలిక్ గేర్‌బాక్సు. సరంగుతో కలిపి ఏడుగురు మనుషులు. నాలుగేళ్ళు యంత్రాల గురించి చదివి, ఫస్ట్ క్లాసులో పాసై, ఆ బోటు ఇంజను గదిలోకి నేను దిగింది మాత్రం 2024 ఆగస్టులో. అదీ నాలుగోసారి "పోయాక".

అసలేం జరిగింది?

2024లో వేట నిషేధం రోజుల్లో (మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు) ఆ గేర్‌బాక్సు విప్పారు. క్లచ్ ప్లేట్లు మాడిపోయాయన్నారు. కొత్త ప్లేట్లు, సీళ్ళు, మేస్త్రి కూలి అన్నీ కలిపి లక్షా పది వేలు. జూన్ 15న బోటు నీళ్ళలోకి వెళ్ళింది. సరిగ్గా ఏడు వారాలకి, వేటకెళ్ళిన నాలుగో రోజున, వల లాగేసి తిరుగుముఖం పట్టేటప్పుడు లివరు ముందుకి తోస్తే ఇంజను అరుస్తోంది, బోటు కదలదు. గేరు తీశారు, వేశారు, మళ్ళీ తీశారు, వేశారు (మనం కంప్యూటరు రీస్టార్టు చేసినట్టే). ఓ పావుగంట కొంచెం కొంచెం కదిలింది. తర్వాత అదీ లేదు.

లంగరు అందే లోతు కాదది. పదకొండు గంటలు గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోయారు. చివరికి వీహెచ్‌ఎఫ్‌లో ఇంకో బోటు పలికి, తన వేట మానుకుని వీళ్ళని తాడు కట్టి లాక్కొచ్చింది. రేవుకి చేరేసరికి ఐసు నీళ్ళైపోయింది. చేపల్లో సగం ఎండబెట్టుకోడానికి తప్ప పనికిరాలేదు.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. చేప అమ్మిన డబ్బులోంచి ముందు డీజిలు, ఐసు, బియ్యం, ఉప్పు, పప్పు ఖర్చు తీసేస్తారు. మిగిలినదాన్ని ఓనరుకీ మనుషులకీ వాటాలేస్తారు. మిగలకపోతే? వాటా లేదు. నెల జీతం అనే మాట అక్కడ లేదు. గేర్‌బాక్సు పోతే ఓనరు నష్టపోతాడని మనం అనుకుంటాం. నిజమే, నష్టపోతాడు, అప్పు చేస్తాడు. కానీ ఆ ట్రిప్పుకి అసలు కూలే లేనివాడు కళాసీ. పైగా బోటు రిపేరులో ఉన్నన్నాళ్ళూ ఆ ఏడుగురూ ఇంటి దగ్గరే. ఏమాటకామాటే, ఆ రోజు వాతావరణం బాగుంది కాబట్టి ఇలా డబ్బు లెక్కలు వేసుకోగలుగుతున్నాం. 1996 నవంబరు 6 తుఫాను గురించి మా అమ్మమ్మ చెప్పే కథలు విన్నవాణ్ణి. తుఫాను కబురొస్తే బోటుకున్న ఒకే ఒక్క రక్షణ ఒడ్డుకి పరిగెత్తడం. పరిగెత్తడానికి కావలసింది ఆ డబ్బాయే.

సరే, బోటు వచ్చింది. పంచాయితీ మొదలైంది. మేస్త్రి: "ప్లేట్లు డూప్లికేటు సరుకండి." ప్లేట్లు అమ్మినాయన: "సరుకు మంచిదే, మీ మేస్త్రికి బిగించడం రాదు." మావయ్య: "ఈ సరంగు గేరు కొట్టి కొట్టి నాశనం చేశాడు." సరంగు ఏమీ అనలేదు. అనడానికి ఆయన మాట వినేదెవరు? మా ఆఫీసులో సర్వరు పడిపోయినప్పుడు డెవలపరు టెస్టరునీ, టెస్టరు నెట్‌వర్కు వాణ్ణీ, అందరూ కలిసి నిన్ననే రాజీనామా చేసి వెళ్ళినవాణ్ణీ తిట్టుకునే సీను గుర్తొచ్చింది. తేడా ఒక్కటే. మా దగ్గర లాగ్‌లు ఉంటాయి. సిగ్గున్నా లేకపోయినా చివరికి వాటిలోకి చూడాల్సిందే. ఈ బోటుకి పన్నెండేళ్ళ చరిత్ర ఉంది. రాసిపెట్టిన కాగితం ఒక్కటి లేదు.

శుక్రవారం రాత్రి గౌతమి ఎక్కాను. రైల్లో ఆ గేర్‌బాక్సు కంపెనీవాళ్ళ మాన్యువలు ఫోన్లోకి దించుకుని చదవడం మొదలెట్టాను. సామర్లకోట వచ్చేసరికి నాకు రెండు విషయాలు తెలిశాయి. రెండూ నన్ను చెంప మీద కొట్టినట్టే ఉన్నాయి. ఒకటి ఇప్పుడు చెప్తాను, రెండోది చివర్లో.

ఇంతకీ ఆ డబ్బాలో ఏముంటుంది?

లారీ గేర్‌బాక్సులా అందులో అయిదారు గేర్లుండవు. అది చేసే పనులు మూడే. ముందుకి, వెనక్కి, న్యూట్రలు మార్చడం ఒకటి. ఇంజను వేగాన్ని తగ్గించి ప్రొపెల్లరుకివ్వడం రెండోది (3:1 గేర్‌బాక్సయితే ఇంజను నిమిషానికి 1800 చుట్లు తిరిగినప్పుడు ప్రొపెల్లరు 600 తిరుగుతుంది). మూడోది చాలామందికి తెలియదు. ప్రొపెల్లరు నీళ్ళని వెనక్కి నెడితే ఆ ఎదురు తోపు షాఫ్టు మీదుగా వచ్చి ఎక్కడో ఒకచోట ఆనాలి కదా. ఇలాంటి బోట్లలో మామూలుగా అది ఆనేది గేర్‌బాక్సులోని థ్రస్టు బేరింగు మీద. అంటే బోటు బరువంతా తోసేది ఆ డబ్బా భుజం మీంచే.

లోపల ముందుకి ఒక క్లచ్, వెనక్కి ఒక క్లచ్. ఒక్కో క్లచ్‌లో ఒక స్టీలు ప్లేటు, ఒక రాపిడి ప్లేటు, మళ్ళీ స్టీలు, మళ్ళీ రాపిడి, ఇలా అప్పడాల దొంతరలా పేర్చి ఉంటాయి. గేర్‌బాక్సులోనే ఒక చిన్న నూనె పంపు ఉంటుంది. మనం లివరు తోసినప్పుడు ఒక వాల్వు తెరుచుకుని, నూనె ఒత్తిడితో ఆ దొంతరని గట్టిగా అదుముతుంది. అదిమితే అన్నీ కలిసి ఒక్క ముక్కలా తిరుగుతాయి. అదమకపోతే జారతాయి.

జారితే ఏమవుతుంది? రాపిడికి వేడి పుడుతుంది. వేడికి నూనె పల్చనై మాడుతుంది. ప్లేట్ల మీది రాపిడి పొర పొడిపొడిగా రాలి నూనెలో కలుస్తుంది. ఆ పొడి వెళ్ళి నూనె జాలీకి అడ్డం పడుతుంది. జాలీ మూసుకుంటే ఒత్తిడి ఇంకా తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే ఇంకా జారుతుంది. ఒకసారి మొదలైతే దానంతటది ఆగదు, అప్పు మీద చక్రవడ్డీలాగా.

నేను రైల్లో నేర్చుకున్న మొదటి విషయం ఏంటంటే, మాడిన ప్లేటు రోగం కాదు, శవం. శవాన్ని మార్చి కొత్త మనిషిని పెడితే రోగం వీడికీ అంటుకుంటుంది. ఏడు వారాల్లో సరిగ్గా అదే అయింది.

శనివారం పొద్దున్న ఇంజను గదిలోకి దిగాను. ఇంజను ఆపే ఉంది. మావయ్యని పైన లివరు దగ్గర నిలబెట్టి "పూర్తిగా ముందుకి తొయ్యి మావయ్యా" అన్నాను. తోశాడు. కింద గేర్‌బాక్సు మీదున్న చిన్న చెయ్యి కదిలింది. కదిలి, చివరిదాకా పోకుండా ఒక వేలు మందం ఇవతలే ఆగిపోయింది. కేబులు పిన్ను ఊడదీసి నా చేత్తో తోస్తే టక్కుమని చివరికి వెళ్ళింది. కేబులుని పట్టి ఉంచే ఇనప పట్టీకి రెండు బోల్టులుండాలి. ఒకటి లేదు, రెండోది వదులు. పైన లివరు తోసినప్పుడల్లా కేబులు లాగాల్సిన దూరంలో కొంత ఆ పట్టీ ఊగడానికే సరిపోతోంది. అంటే వాల్వు ఎప్పుడూ పూర్తిగా తెరుచుకోలేదు. క్లచ్‌కి ఎప్పుడూ పూర్తి ఒత్తిడి అందలేదు. ఎప్పటినుంచో ఎవరికి తెలుసు? నూనె ఒత్తిడి చూపించే గేజి ఉంది కదా అంటారా, దాని ముల్లు మూడేళ్ళుగా సున్నా దగ్గరే నిద్రపోతోంది. "అది పని చెయ్యదు అల్లుడూ" అన్నాడు మావయ్య, సదరు గేజిది ఏదో పుట్టుకతో వచ్చిన లోపమైనట్టు.

రెండు బోల్టులు, నట్లు, స్ప్రింగు వాషర్లు కలిపి 60 రూపాయలు. లక్షా పది వేలు పోసి ప్లేట్లు మార్చినవాళ్ళెవరూ ఆ చెయ్యి చివరిదాకా వెళ్తోందా అని చూడలేదు. మళ్ళీ చెప్తున్నాను, ఇది కనిపెట్టడానికి డిగ్రీ అక్కర్లేదు. డిగ్రీ ఉన్న ఆరేళ్ళూ నేను చూడలేదు, అదీ సంగతి.

చవకది ముందు, ఖరీదైనది చివర

నా మొదటి గొడవ వరస గురించి. మా రేవులో వరస తలకిందులు. ముందు గేర్‌బాక్సు దించుతారు, తర్వాత ఆలోచిస్తారు. ఉండాల్సిన వరస నాకు అర్థమైనంతలో ఇదీ:

1. అసలేది తిరగట్లేదో చూడు. బోటుని గట్టుకి గట్టిగా కట్టి, ఇంజను నెమ్మది మీద పెట్టి, గేరు వేసి, దూరం నుంచి టార్చి కొట్టి చూడు (తిరిగే షాఫ్టు దగ్గర లుంగీ, తువ్వాలు వద్దు మహాప్రభో). గేర్‌బాక్సు వెనక కప్లింగు తిరుగుతూ షాఫ్టు తిరగకపోతే తెగింది బోల్టులో, కీనో. షాఫ్టు కూడా తిరుగుతూ బోటు కదలకపోతే తప్పు నీళ్ళ కింద ఉంది. వల చుట్టుకునుండొచ్చు, ప్రొపెల్లరే ఊడిపోయుండొచ్చు. కప్లింగే తిరగకపోతే అప్పుడు అనుమానం గేర్‌బాక్సు మీదికి, దాని ముందున్న డ్యాంపరు ప్లేటు మీదికి. రెండు నిమిషాల్లో సగం అనుమానాలు ఎగిరిపోతాయి.

2. నూనె చూడు. ఎంత ఉంది, ఏ రంగులో ఉంది, ఏ వాసన వస్తోంది. ఎప్పుడు చూడాలనేది కూడా ముఖ్యం. కొన్ని గేర్‌బాక్సుల్లో ఇంజను ఆపిన వెంటనే చూడాలి, ఆలస్యం చేస్తే కూలరులోని నూనె వెనక్కి దిగి మట్టం ఎక్కువ చూపిస్తుంది. పాలు పోసిన టీలా ఉంటే నీళ్ళు కలిశాయి. నల్లగా మాడు వాసనొస్తే క్లచ్ జారుతోంది. వేళ్ళ మధ్య రుద్దితే ఇనప రజను మెరిస్తే గేర్లో బేరింగో అరుగుతున్నాయి. మూడూ మూడు వేరువేరు రోగాలు. మూడింటికీ మనవాళ్ళ మందు ఒకటే, "విప్పు".

3. లివరు, కేబులు. పైన చెప్పాను కదా. కేబులు ఊడదీసి చేత్తో తోసి చూడు. ముందుకీ వెనక్కీ రెండు వైపులా చివరిదాకా వెళ్ళాలి.

4. ఒత్తిడి గేజి, వేడి గేజి. పని చెయ్యకపోతే ముందు అవి బాగుచెయ్యి. గేజి లేకుండా హైడ్రాలిక్ గేర్‌బాక్సు నడపడం కళ్ళకి గంతలు కట్టుకుని హైవే మీద లారీ నడపడం లాంటిది.

5. కూలరు. ఇది అసలైన దొంగ. నూనెని చల్లబరచడానికి గొట్టాల్లో ఒకవైపు సముద్రపు నీళ్ళు, ఇంకోవైపు నూనె. ఉప్పునీటికి గొట్టం తినేసి చిన్న చిల్లు పడుతుంది. ఇంజను నడుస్తున్నప్పుడు నూనె వైపు ఒత్తిడి ఎక్కువ కాబట్టి నూనె నీళ్ళలోకి పోతుంది. మట్టం తగ్గింది కదా అని మనవాళ్ళు పోస్తూ ఉంటారు. ఇంజను ఆపాక ఒత్తిడి పోయి నీళ్ళు నూనెలోకి దిగుతాయి. చాలా కూలర్లలో, ఉప్పునీరు తినెయ్యడానికే పెట్టిన జింకు ముక్క ఉంటుంది. అది అరిగిపోయాక మార్చకపోతే ఉప్పునీరు గొట్టాన్ని తింటుంది. జింకు ముక్క ఖరీదు వందల్లో, గేర్‌బాక్సు ఖరీదు లక్షల్లో.

6. జాలీ, ఫిల్టరు. తీసి చూస్తే లోపలేం జరుగుతోందో దాని మీదే ఉంటుంది.

7. చప్పుడు. నెమ్మది మీద గలగలమంటూ, ఎక్సలేటరు పెంచితే ఆగిపోతే డ్యాంపరు ప్లేటు స్ప్రింగుల్ని అనుమానించాలి. ఇంజను మరీ తక్కువ మీద తిరుగుతున్నా ఆ గలగల వస్తుంది.

ఇవన్నీ అయ్యాకే స్పానరు గేర్‌బాక్సు మీద పెట్టాలి. పెట్టి, మాడిన ప్లేట్లు మార్చాక కూడా పాత పొడి కూలరులో, గొట్టాల్లో కూర్చునే ఉంటుంది. వాటిని శుభ్రంగా కడక్కుండా కొత్త నూనె పోస్తే పాత రోగాన్ని కొత్త ప్లేట్లకి స్వయంగా వడ్డించినట్టే.

నూనె అంటే గుర్తొచ్చింది. కొన్ని గేర్‌బాక్సులకి ఏటీఎఫ్ పొయ్యాలి, కొన్నింటికి ఎస్‌ఏఈ 30 లేదా 40 ఇంజనాయిలు. ఏది పొయ్యాలో గేర్‌బాక్సు మాన్యువలు చెప్తుంది, చుట్టాలు చెప్పరు. "ఇంజన్లో పోసింది మిగిలింది, ఇందులో పోసేశాం" అన్న మహానుభావుల్ని కూడా నేను చూశాను.

నిషేధం రోజుల తమాషా

ఇంకో ముచ్చట. వేట నిషేధంలో బోటు ఒడ్డుకెక్కినప్పుడు షాఫ్టు, గేర్‌బాక్సు ఒకే వరుసలో ఉన్నాయా లేదా అని చూసి బిగిస్తారు. మంచిదే. కానీ దుంగల మీద కూర్చున్న బోటు ఆకారం వేరు, నీళ్ళలో తేలే బోటు ఆకారం వేరు. చెక్క బోటయితే మరీను. ఒడ్డు మీద చక్కగా కుదిరిన కప్లింగు నీళ్ళలోకి వెళ్ళాక తప్పుతుంది. అందుకే బోటు నీళ్ళలో దిగి, ఒకటి రెండు రోజులు తేలాక, బోల్టులు విప్పి మళ్ళీ చూడాలి. కప్లింగు రెండు ముఖాల మధ్య సందు చుట్టూ ఒకేలా ఉండాలి. మామూలుగా చెప్పే లెక్క 100 మిల్లీమీటర్ల కప్లింగుకి 0.1 మిల్లీమీటరు తేడా, అంటే ఒక తెల్లకాగితం మందం. అంతకు మించితే సీలు కారుతుంది, బేరింగు అరుగుతుంది, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ "గేర్‌బాక్సు పోయింది".

మరి ఎందుకు చూడరు? జూన్ 15 తెల్లారేసరికి సముద్రం మీద ఉండాలి కాబట్టి. 61 రోజులు ఖాళీగా ఉన్న బోటుకి చివరి రెండు రోజులు దొరకవు. మనం రిలీజు ముందురోజు టెస్టింగు ఎత్తేసినట్టే. నవ్వకండి, మీరూ చేశారు.

ఇప్పుడు నాకు ఎదురయ్యే మూడు మాటలు

మొదటిది: "మా మేస్త్రి చప్పుడు విని చెప్పేస్తాడు. ముప్పై ఏళ్ళ అనుభవం. నువ్వు పుస్తకాల పురుగువి."

అనుభవానికి దణ్ణం పెడతాను. నిజంగానే. నాకు గలగలకీ గరగరకీ తేడా చెప్పింది మా సరంగే, ఏ ప్రొఫెసరూ కాదు. కానీ ముప్పై ఏళ్ళ అనుభవం ఒక మనిషి చెవిలో ఉంటే అది ఆ మనిషితోనే పోతుంది. పైగా అనుభవానికి ఒక జబ్బుంది. నిన్న చూసిన రోగమే ఇవాళ కూడా అనిపిస్తుంది. ముప్పై గేర్‌బాక్సుల్లో మాడిన ప్లేట్లు చూసినవాడికి ముప్పయ్యొకటోది విప్పకముందే ప్లేట్లు కనిపిస్తాయి. కేబులు కనిపించదు. ఇంకో నిష్ఠూరం కూడా ఆడాలి. విప్పితే కూలి వస్తుంది, బోల్టు బిగిస్తే రాదు. తప్పు ఆయనది కాదు. చూసినందుకు డబ్బులివ్వని మనది. "ఊరికే చూశాడు, డబ్బులెందుకు" అంటాం. విప్పి పాడుచేస్తే లక్ష ఇస్తాం.

రెండోది: "ఇవన్నీ ఖర్చులు. చేపలు పడక చస్తుంటే మెయింటెనెన్సు అంటావేంటి?"

ఈ మాటలో నిజం ఉంది కాబట్టి కోప్పడను. ఖాళీ వలతో తిరిగొచ్చినవాడికి నూనె మార్చమని చెప్పడం తేలిక కాదు. కానీ పై ఏడింటిలో మొదటి మూడింటికి పైసా ఖర్చు లేదు, చూడ్డమే. ఒక గేజి, ఒక జింకు ముక్క, ఒక ఫిల్టరు, డబ్బా నూనె ఎంతైనా లక్షా పది వేలు అవుతాయా? ఏడు వారాల్లో రెండుసార్లు? మనం మెయింటెనెన్సు ఖర్చు తప్పించుకోవట్లేదు. దాన్ని సముద్రం మధ్యలో, చేపలు నిండిన రోజున, వడ్డీతో సహా కడుతున్నాం.

మూడోది, నన్ను బాగా మండించేది: "చదువురాని వాళ్ళండీ. వాళ్ళకి మాన్యువలిస్తే ఏం చేసుకుంటారు?"

ఇప్పుడు రైల్లో తెలిసిన రెండో విషయం చెప్తాను. చాలా హైడ్రాలిక్ మెరైన్ గేర్‌బాక్సుల్లో ఆపదకి ఒక ఏర్పాటుంటుంది. ఒత్తిడి పోయి క్లచ్ పట్టనప్పుడు, ఇంజను ఆపేసి, ఒక మూత తీసి, లోపలున్న కొన్ని బోల్టుల్ని చెప్పిన వరసలో బిగిస్తే ముందుకి వెళ్ళే క్లచ్ ప్లేట్లు నూనెతో పని లేకుండా ఇనుముతోనే బిగుసుకుంటాయి. తర్వాత ఇంజను స్టార్టు చేస్తే బోటు వెంటనే ముందుకి కదులుతుంది. న్యూట్రలు ఉండదు, రివర్సు ఉండదు, ఆపాలంటే ఇంజను ఆపాల్సిందే. తక్కువ వేగంతోనే వెళ్ళాలి. ప్లేట్లు పూర్తిగా బూడిదైపోతే పని చేస్తుందన్న గ్యారంటీ లేదు. కానీ ఇల్లు చేరడానికి ఒక దారి. మా గేర్‌బాక్సు మాన్యువల్లో దీనికి ఒక పేజీ ఉంది, బొమ్మతో సహా.

పదకొండు గంటలు. ఏడుగురు మనుషులు. చేతిలో స్పానర్లు, కాళ్ళ దగ్గర ఆ బోల్టులు. వాళ్ళలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. ప్రయత్నించి ఓడిపోవడం వేరు. ప్రయత్నించొచ్చని తెలియకపోవడం వేరు.

మరి ఆ మాన్యువలు ఎక్కడుంది? మావయ్య బీరువాలో, ఎల్‌ఐసీ బాండ్ల పక్కన, వచ్చినప్పటి ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా, పసుపు బొట్టుతో. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. పడవ మీద ఉన్నవాళ్ళకి ఇంగ్లీషు రాదు. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి, ఆరేళ్ళుగా ప్రతి సంక్రాంతికీ ఆ బీరువా ఎదురుగానే కూచుని పూతరేకులు తిన్నవాణ్ణి, నేను.

కాబట్టి ఆ "చదువురాని వాళ్ళు" అనే మాట నా దగ్గర అనొద్దు. మా సరంగు తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతాడు. ఆయనకి రానిది చదువు కాదు, ఇంగ్లీషు. ఆయనకి అర్థమయ్యే భాషలో రాయకపోవడం రాయగలిగినవాళ్ళ తప్పు. లక్షల ఖరీదు చేసే యంత్రం అమ్మినవాడు నాలుగు పేజీలు తెలుగులో అచ్చు వెయ్యలేడా? పది రూపాయల తలనొప్పి బాముకి తెలుగులో వాడే విధానం రాస్తారే! విశాఖలో సిఫ్‌నెట్ ఉంది, కాకినాడలోనే రాష్ట్ర మత్స్యశాఖ శిక్షణ సంస్థ ఉంది, ఊరికి నాలుగు ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. బోటు రిజిస్ట్రేషనుకి, డీజిలు రాయితీకి కాగితాల మీద కాగితాలు అడుగుతారు. ఇంజను గది గోడకి అంటించడానికి ఒక్క తెలుగు కాగితం ఎవరూ ఇవ్వరు.

వాళ్ళనెందుకు? మనల్ని మనం అనుకుందాం. తెలుగులో సాంకేతిక విషయాలు రాయాలని మనం ఎన్ని చర్చలు చేసుంటాం? కంప్యూటరుని ఏమనాలి, సాఫ్ట్‌వేరుని ఏమనాలి అని కొట్టుకున్నాం. ఆ కొట్లాటల్లో నేనూ ఉన్నాను, సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నా. గేర్‌బాక్సుకి అచ్చతెలుగు పదం లేదని ఏ కళాసీ బాధపడట్లేదు. "ఈ బోల్టు ఇలా బిగించు" అని చెప్పేవాడు లేక పదకొండు గంటలు నీళ్ళ మీద తేలాడు.

నేను చేసింది చాలా చిన్నది. మాన్యువల్లోంచి నాలుగు సంగతులు తెలుగులో రాశాను: ఏ నూనె, ఎంత, ఎప్పుడు చూడాలి, గేజి ముల్లు ఎక్కడుండాలి, పైన చెప్పిన ఏడు మెట్లు, ఆపదలో బిగించే బోల్టుల బొమ్మ. పెద్దక్షరాలతో అచ్చు తీయించి, ల్యామినేషను చేయించి, ఇంజను గదిలో తగిలించాను. నలభై రూపాయల పుస్తకం ఒకటి కొనిచ్చాను. రోజూ మూడు అంకెలు రాయాలి: నూనె మట్టం, ఒత్తిడి, వేడి. ఏదైనా మారిస్తే తేదీ, ఏం మార్చారో, ఎందుకో. మొదట్లో అందరూ నవ్వారు. "అల్లుడు బోటుకి ప్రోగ్రెసు రిపోర్టు పెట్టాడ్రా" అన్నారు.

కొన్ని నెలల తర్వాత ఒకరోజు సరంగు ఫోను చేశాడు. "బాబూ, వారం నుంచి నూనె రోజుకి కొంచెం తగ్గుతా ఉంది. కింద ఎక్కడా కారట్లేదు. పుస్తకంలో చూసుకుంటే తెలిసింది. కూలరేమో అనిపిస్తంది" అన్నాడు. విప్పి చూస్తే కూలరు గొట్టానికి సూదిబెజ్జమంత చిల్లు. నీళ్ళు గేర్‌బాక్సులోకి దిగకముందే దొరికింది. ఆ రోగం పేరు పెట్టింది నేను కాదు, మేస్త్రి కాదు. ఆరేళ్ళ బట్టీ చదువు అక్కర్లేకుండా, వారం రోజుల అంకెలు చూసి ఆయనే పెట్టాడు. తర్వాత పక్క బోటు ఓనరు వచ్చి ఆ కాగితం కాపీ అడిగాడు. ఆయన గేర్‌బాక్సు వేరే కంపెనీది, ఆ కాగితం దానికి పనికిరాదు. దానికి వేరే రాయాలి. రేవులో ఎన్ని రకాల గేర్‌బాక్సులున్నాయో అన్ని కాగితాలు కావాలి.

అందుకే ఈ గోల. మీది ఉప్పాడో, భైరవపాలెమో, నిజాంపట్నమో, విశాఖో, మీ ఇంట్లో బోటుందా? బీరువాలో కవరు చింపని మాన్యువలు ఉందేమో చూడండి. ఉంటే ఈ సంక్రాంతికి పూతరేకులు తింటూ అది విప్పండి. మీకు ఇంగ్లీషు వచ్చు కదా. వచ్చే ఏప్రిల్ 15కి బోట్లన్నీ మళ్ళీ ఒడ్డెక్కుతాయి, మళ్ళీ స్పానర్లు లేస్తాయి. అంతకుముందే మీ గేర్‌బాక్సుకి ఒక తెలుగు కాగితం రాసి గోడకి తగిలించండి.

ఆ తర్వాత కూడా ఎవరైనా "గేర్‌బాక్సు పోయింది" అంటే ఒక్కటే అడగండి: "కేబులు చూశారా?"